తెరకు సముద్రమంటే ఎందుకు భయం?

విశాఖపట్నం పిల్లలకు సముద్రం కొత్త కాదు. సాయంత్రంపూట ఆర్కే బీచ్‌కు వెళ్ళి కెరటాల్లో కాళ్ళు తడుపుకోని వాళ్ళు మీలో ఎవరూ ఉండరు. కాని మన ఇళ్ళల్లో గోడకు వేలాడుతూ ఉంటుందే టీవీ, దానికి మాత్రం సముద్రం పేరు చెబితే హడలు! నమ్మకం కలగడం లేదా? ఈసారి ఇంటర్నెట్ ద్వారా వచ్చే ఏ సిరీస్ అయినా చూస్తున్నప్పుడు కాస్త కనిపెట్టి చూడండి. కథానాయకుడు గోడ పక్కన నిలబడి మాట్లాడుతున్నంతసేపూ అతని చొక్కా మీది గళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. కెమెరా ఇటు తిరిగి, విరిగిపడే కెరటాన్ని చూపించగానే నురగంతా ఒక్క క్షణం అలుక్కుపోతుంది. దగ్గరగా వెళ్ళి చూస్తే చిన్న చిన్న చదరాలు కూడా కనబడవచ్చు. జోరువాన సన్నివేశంలోనూ ఇదే తంతు.

తెర అదే, కెమెరా అదే, తీగ అదే. గోడకు లేని ఇబ్బంది కెరటానికి ఎందుకు వచ్చింది?

జవాబు కోసం ముందుగా ఒక గుణకారం చెయ్యాలి. కాగితం, కలం తీసుకోండి.

4కె అని పిలిచే తెర మీద అడ్డంగా 3840 చుక్కలు, నిలువుగా 2160 చుక్కలు ఉంటాయి. రెండూ గుణిస్తే సుమారు 83 లక్షలు. ఒక్కొక్క చుక్కకూ ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అని చెప్పాలి. ఒక్కో రంగుకు 8 చొప్పున 24 బిట్లు కావాలి. బిట్ అంటే ఒక సున్నా, లేదా ఒక ఒకటి. అంటే ఒక్క బొమ్మకే దాదాపు 20 కోట్ల బిట్లు. బొమ్మ కదులుతున్నట్టు కనబడాలంటే సెకనుకు 25 బొమ్మలు మార్చాలి. అప్పుడు సెకనుకు 500 కోట్ల బిట్లు!

మీ ఇంటికి వచ్చే ఫైబర్ లైను సెకనుకు 100 మెగాబిట్లది అనుకుందాం. అంటే 10 కోట్లు. ఆ లెక్కన ఒక్క సిరీస్ చూడటానికి అలాంటి లైన్లు 50 వెయ్యాలి. కాని నిజానికి ఆ ఒక్క లైనులో కూడా కొద్ది భాగమే, సుమారు 15 మెగాబిట్లు, అంటే ఒకటిన్నర కోటి బిట్లతోనే 4కె చిత్రం నడిచిపోతుంది. 500ను ఒకటిన్నరతో భాగించి చూడండి. 333 వస్తుంది. కెమెరా చూసిన దానిలో 333 పాళ్ళకు ఒక్క పాలు మాత్రమే మీ ఇంటికి చేరుతోందన్నమాట. మిగిలిన 332 పాళ్ళూ దారిలో పోలేదు. అసలు పంపనే లేదు.

పంపకుండా మానడానికి ఉన్న ఉపాయాల్లో మొదటిది చాలా సులువు. మన హార్బరు ముఖద్వారం దగ్గర డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి ఒక ఓడ లోపలికి వస్తున్న దృశ్యం ఊహించుకోండి. సెకనులో 25వ వంతు కాలంలో ఏమి మారింది? కొండ కదల్లేదు. లైట్‌హౌసు కదల్లేదు. ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. ఓడ మాత్రం రెండు మూడు చుక్కల మేర జరిగింది. కాబట్టి మొదట ఒక పూర్తి బొమ్మ పంపి, ఆ తరువాత "కొండ ఉన్నది ఉన్నట్టే ఉంచు, ఓడ ఉన్న గళ్ళను కుడివైపు మూడు చుక్కలు జరుపు" అని ఆజ్ఞలు పంపితే చాలు. మీ టీవీలోని చిన్న యంత్రాంగం ఆ ఆజ్ఞల ప్రకారం బొమ్మను తనే కట్టుకుంటుంది. కొన్ని సెకన్లకొకసారి మళ్ళీ ఒక పూర్తి బొమ్మ వస్తుంది, పొరపాట్లు పేరుకుపోకుండా.

ఇప్పుడు ఓడను వదిలి కెరటాన్ని చూడండి. నురగలో ఏ గడి ఎటు జరిగింది? నిన్నటి కెరటం ఈవేళ ఉండదనడం అటుంచి, సెకనులో 25వ వంతు కిందటి కెరటమే ఇప్పుడు లేదు. పాత బొమ్మలో వెతికితే దానికి జోడీ దొరకదు. ప్రతి గడినీ కొత్తగా చెప్పాలి. కాని కోటా మాత్రం పెరగదు, అదే ఒకటిన్నర కోటి బిట్లు. అందుచేత చెప్పేదాన్ని మోటుగా చెప్పి సరిపెట్టాలి. ఆ మోటుతనమే మీకు అలుక్కుపోయిన నురగగా, చదరాలుగా కనిపిస్తుంది.

2023 డిసెంబరు 1న విడుదలైన 'దూత' అనే తెలుగు సిరీస్ గుర్తుందా? విక్రమ్ కె. కుమార్ దర్శకత్వంలో నాగచైతన్య నటించినది. అది పెద్దవాళ్ళ కోసం తీసిన భయానక కథ. మిమ్మల్ని చూడమని నేను చెప్పను. మనకు కావలసింది అందులోని వాన. ఎనిమిది భాగాల్లోనూ వాన కురుస్తూనే ఉంటుంది, పైగా చాలా భాగం చీకటి. వాన, చీకటి కలిశాయంటే స్ట్రీమింగ్ సాంకేతిక నిపుణులకు రెండు పరీక్షలు ఒకేరోజు వచ్చినట్టే. చీకటి సంగతి తరువాత చెప్పుకుందాం.

మోటుగా చెప్పడం అంటే ఏమిటి? ఇక్కడే రెండో ఉపాయం ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా అందమైనది ఇదే. సముద్రానికి భయపడే ఈ తెరను నిలబెట్టినది కూడా కెరటాల లెక్కే కావడం తమాషా!

బీచ్‌లో నిలబడి నీటి ఉపరితలాన్ని గమనించండి. పెద్ద కెరటం ఒకటి మెల్లగా లేస్తుంది. దాని వీపు మీద మధ్యరకం అలలు ఉంటాయి. వాటి మీద గాలికి లేచిన సన్నని ముడతలు ఉంటాయి. నీటి ఆకారం ఎంత చిక్కుగా ఉన్నా అది ఈ చిన్నా పెద్దా తరంగాల మొత్తమే. బొమ్మను కూడా ఇలాగే విడదీయవచ్చు. బొమ్మను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల గళ్ళుగా కోస్తారు. ఆకాశంలోని ఒక గడిలో ఒక వరస చుక్కల వెలుగు ఇలా ఉందనుకోండి: 100, 102, 104, 106, 108, 110, 112, 114. ఎనిమిది అంకెలు విడివిడిగా చెప్పనక్కరలేదు. "సగటు 107, ఎడమ నుంచి కుడికి మెల్లగా పెరుగుతుంది" అంటే దాదాపు అంతా చెప్పినట్టే. సగటు అనేది కదలని నీటిమట్టం. మెల్లగా పెరగడం అనేది ఒక పొడుగాటి తరంగం. సన్నని ముడతల పరిమాణం ఇంచుమించు సున్నా. సున్నాలను పంపడానికి చోటు పట్టదు. చొక్కా గళ్ళలోనూ జుట్టులోనూ సన్నని ముడతలు ఉంటాయి గాని, వాటి కచ్చితమైన విలువ కొంచెం తప్పినా మన కన్ను పట్టించుకోదు. కనుక వాటిని మోటుగా రాస్తారు.

దీనికి గణితంలో వివిక్త కొసైను పరివర్తనం అని పేరు. త్రికోణమితిలో మీరు చదివే కొసైనే ఇది. ఈ పద్ధతిని కనిపెట్టినవారు ముగ్గురు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అహ్మద్ 1940లో బెంగుళూరులో పుట్టి, అమెరికాలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. నటరాజన్ ఆయన దగ్గర పరిశోధన చేసిన విద్యార్థి. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఈ ఇంటిపేరు మన చెవికి కొత్తది కాదు కదూ! ఆయన మద్రాసు గిండీ ఇంజినీరింగు కళాశాలలో చదివి, టెక్సాస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పి, 2021 జనవరిలో కన్నుమూశారు.

1972లో అహ్మద్ ఈ ఊహ మీద పని చెయ్యడానికి డబ్బు ఇప్పించమని అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నారు. దొరకలేదు. ఊహ మరీ సులువుగా ఉందన్నది పరిశీలకుల అభ్యంతరాల్లో ఒకటని ఆయనే తరువాత రాసుకున్నారు. సులువుగా ఉండటం ఒక దోషమా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఆయన మాత్రం 1973లో ఆ పని మీదే కూర్చున్నారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో ఒక వ్యాసం అచ్చయింది. నాలుగంటే నాలుగే పేజీలు. ఈవేళ మీ ఫోనులో తీసే ఫొటో, తాతగారితో చేసే వీడియో కాల్, టీవీలో వచ్చే సిరీస్, అన్నిటి వెనుకా ఆ నాలుగు పేజీలో, వాటికి పుట్టిన పిల్లలో ఉన్నాయి. గళ్ళ పరిమాణాలు మారాయి, లెక్కలు పదునెక్కాయి, మూలసూత్రం మారలేదు. 2021లో అమెరికాలో 'దిస్ ఈజ్ అజ్' అనే టీవీ సిరీస్ ఒక భాగంలో అహ్మద్ కథనే చూపించింది. ఆయన లెక్క సాయంతో ఇంటింటికీ చేరే సిరీస్‌లోకి ఆయనే కథాపాత్రగా వచ్చారు!

మూడో ఉపాయం క్లుప్తంగా చెబుతాను. మన కన్ను వెలుగులోని తేడాలను చూసినంత నిశితంగా రంగులోని తేడాలను చూడలేదు. అందుచేత వెలుగు వివరాన్ని ప్రతి చుక్కకూ పంపి, రంగు వివరాన్ని మాత్రం నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున పంపుతారు. అంటే మీ 4కె చిత్రంలో రంగు వరకూ చూస్తే అది ఫుల్ హెచ్‌డీయే. ఎవరైనా కనిపెట్టారా?

ఇలా కుదించిన సిరీస్‌ను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ రకరకాల నాణ్యతల్లో తయారుచేసి ఉంచుతారు. మీ టీవీ ఏ క్షణంలో లైను ఎంత ఖాళీగా ఉందో చూసుకుని తగిన ముక్కను అడిగి తెప్పించుకుంటుంది. మొదలుపెట్టగానే బొమ్మ కొన్ని సెకన్లు మసకగా ఉండి ఆ తరువాత తేటపడటానికి కారణం ఇదే. టీవీ ముందు చిన్న ముక్క అడిగి, ధైర్యం వచ్చాక పెద్దది అడుగుతుంది. ఆ ముక్కలు వీధిలో స్తంభాల మీదుగా వచ్చే గాజు తంతువులో పరారుణ కాంతి మిణుకులుగా ప్రయాణిస్తాయి. సంపూర్ణాంతర పరావర్తనం పాఠం చదివారు కదా, అదే. అమెరికా సిరీస్ అయినంత మాత్రాన ప్రతిసారీ అది సముద్రం దాటి రానక్కరలేదు. జనం ఎక్కువగా చూసేవాటి ప్రతులను మన దేశంలోనే, ఇంటర్నెట్ సంస్థల దగ్గరే దాచి ఉంచుతారు. సముద్రగర్భ తంతువులు ఇంతకాలం ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాలకే వచ్చాయి. విశాఖలో కూడా అలాంటి తంతువులు ఒడ్డుకు చేరే కేంద్రం పెడతామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది.

సరే, 333వ పాలు ఇంటికి చేరింది. ఇక తెర సంగతి. ఇక్కడ మీ ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బు ముడిపడి ఉంది కాబట్టి కొంచెం నిదానంగా వెళదాం.

రాత్రిపూట కైలాసగిరి మీద నుంచి బీచ్ రోడ్డు వైపు చూశారా? చాలా దూరంలో ఉన్న కారు దీపాలు రెండూ ఒకే దీపంలా కనిపిస్తాయి. దగ్గరకు వచ్చే కొద్దీ రెండుగా విడిపోతాయి. మామూలు ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకు రెండు బిందువులను విడదీసి చూడగలదు. అంతకన్నా చిన్న కోణమైతే రెండూ కలిసిపోతాయి. ఒక వస్తువు తన పరిమాణానికి సుమారు 3440 రెట్ల దూరంలో ఉంటే ఆ కోణం వస్తుంది. మిల్లీమీటరు వస్తువుకు 3.4 మీటర్లు అన్నమాట.

దీన్ని మీరే పరీక్షించండి. తెల్ల కాగితం మీద ఒక మి.మీ. మందం గల నల్లగీతలు పది గీయండి. గీతకూ గీతకూ మధ్య ఖాళీ కూడా సరిగ్గా ఒక మి.మీ. ఉండాలి. కాగితాన్ని మంచి వెలుతురులో గోడకు అంటించి వెనక్కి నడవండి. గీతలు కలిసిపోయి బూడిదరంగుగా మారిన చోట ఆగి, టేపుతో దూరం కొలవండి.

మా తొమ్మిదో తరగతి పిల్లలతో బడి వరండాలో ఈ ప్రయోగం చేయించాను. ఎక్కువమందికి మూడు నుంచి నాలుగున్నర మీటర్ల మధ్య వచ్చింది. చిన్నవయసు కళ్ళు కొన్ని లెక్కకన్నా చురుకు. ఒక అబ్బాయికి మాత్రం ఒకటిన్నర మీటరు దగ్గరే గీతలు మాయమయ్యాయి. మళ్ళీ కొలిచాం, అంతే వచ్చింది. అడిగితే, ఇంట్లో టీవీకి ఆనుకుని కూర్చుంటున్నానని రోజూ తిట్లు తింటున్నానన్నాడు. టీవీ పిచ్చి కాదు పాపం, హ్రస్వదృష్టి. అద్దాలు వచ్చాక వెనక్కి జరిగి కూర్చుంటున్నాడు. మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో తెరకు అతుక్కుని కూర్చుంటుంటే, గద్దించే ముందు ఈ కాగితం చూపించండి.

ఇప్పుడు అసలు లెక్క. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెం.మీ. ఫుల్ హెచ్‌డీ అయితే అడ్డంగా 1920 చుక్కలు, అంటే ఒక్కో చుక్క 0.63 మి.మీ. అది 2.2 మీటర్ల దూరం దాటితే కంటికి విడిగా అందదు. 4కెలో చుక్క అందులో సగం, 0.32 మి.మీ. దాన్ని విడదీసి చూడాలంటే 1.1 మీటర్ల లోపు కూర్చోవాలి. మన గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో ఒక మామూలు ఇంటి హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య పది అడుగులు ఉంటే, అది మూడు మీటర్లు. అంత దూరం నుంచి ఆ తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్కలకూ 4కె చుక్కలకూ తేడా మామూలు కంటికి ఇంచుమించు తెలియదు! అదే హాల్లో 85 అంగుళాల తెర పెడితే కథ మారుతుంది. అప్పుడు ఫుల్ హెచ్‌డీ చుక్క దాదాపు ఒక మి.మీ. ఉంటుంది గనుక 4కె పనికివస్తుంది. కొనడానికి వెళ్ళేముందు టేపు పట్టుకుని హాలు కొలవడం ఎంత అవసరమో చూశారా?

మరి 4కె సిరీస్ మెరుగ్గా కనబడుతోందని అంటారేం అని మీరు అడగవచ్చు. చాలాసార్లు నిజమే. కాని ఆ మెరుగు చుక్కల వల్ల కాదు. 4కె ధారకు బిట్ల కోటా ఎక్కువ ఇస్తారు కనుక కెరటాలూ వానా తక్కువగా చెదురుతాయి. వెలుగు చీకట్ల మెట్లు కూడా ఎక్కువ వస్తాయి.

మెట్లు అన్నాను కదా, చీకటి సంగతి ఇదే. రంగుకు 8 బిట్లు అంటే వెలుగులో 256 మెట్లు. పట్టపగటి దృశ్యంలో ఇవి చాలు. చీకటి దృశ్యమంతా ఆ 256లో అడుగున ఉన్న పాతికో ముప్పయ్యో మెట్ల మీదే నడవాలి. మన కన్ను వెలుగును నిష్పత్తిగా చూస్తుంది. చీకటిగదిలో ఒక కొవ్వొత్తి పక్కన రెండోది వెలిగిస్తే వెంటనే తెలుస్తుంది. ఎండలో తెలియదు. అందుకే రాత్రి ఆకాశంలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారిన చోట గీత గీసినట్టు వలయాలు కనిపిస్తాయి. 10 బిట్లు వాడితే మెట్లు 1024 అవుతాయి, వలయాలు చాలావరకు మాయమవుతాయి.

తెర నలుపు చూపగలగడం మరొక సమస్య. ఎల్‌సీడీ తెరలో వెనుక దీపాలు వెలుగుతూ ఉంటాయి, ముందు ద్రవ స్ఫటికాలు కిటికీ రెక్కల్లా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. రెక్క ఎంత మూసినా సందులోంచి కొంత వెలుగు జారుతుంది. అందుకే అమావాస్య రాత్రి కూడా బూడిద పూసినట్టు ఉంటుంది. ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి చుక్కా తానే ఒక చిన్న దీపం. నలుపు కావాలంటే ఆ దీపం ఆరిపోతుంది, అంతే. చీకటి కథలు చూసేవారికి చుక్కల సంఖ్యకన్నా ఇదే పెద్ద తేడా అని నా అభిప్రాయం. ధర కూడా పెద్దదే అనుకోండి. ఖర్చులేని మార్గం ఒకటుంది: తెర ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు ఆర్పి, టీవీ వెనుక ఒక చిన్న దీపం ఉంచండి. తెర మీద పడి నలుపును చెరిపే వెలుగు తగ్గుతుంది. కంటికి శ్రమా ఉండదు.

తెలుపు గురించి మన ఉక్కునగరం వాళ్ళకు చెప్పనక్కరలేదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. వాటినుంచి వచ్చే కరిగిన ఇనుము సుమారు 1500 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆ రంగు పసుపు కలిసిన నారింజ. వేడి పెరిగే కొద్దీ రంగు తెలుపుకు, ఆ పైన నీలానికి జరుగుతుంది. సిరీస్ తీసినవారు తెలుపుగా భావించే రంగు 6500 కెల్విన్ల దగ్గరది. అది సూర్యుడి ఉపరితలం వేడికన్నా కొంచెం ఎక్కువ. దుకాణంలో టీవీలను చాలావరకు ఇంకా నీలంవైపు జరిపి, వెలుగు పూర్తిగా పెంచి ఉంచుతారు, ట్యూబ్‌లైట్ల మధ్య కళ్ళు చెదిరేలా. ఇంటికి తెచ్చాక సెట్టింగులలో సినిమా అనే రకాన్ని ఎంచుకోండి. మొదటి రోజు పసుపుగా ఉందని అందరూ గోల పెడతారు. రెండు రోజుల్లో కన్ను సర్దుకుంటుంది. నటుల ముఖాలు మనుషుల రంగులోకి వస్తాయి.

దుకాణంలో మరో సంగతి గమనించండి. అక్కడ తిప్పే బొమ్మల్లో పువ్వులు మెల్లగా విచ్చుకుంటాయి, రంగుల పక్షులు కదలకుండా కూర్చుంటాయి. అన్నీ తేలిగ్గా కుదిరే దృశ్యాలే! పైగా చాలాచోట్ల అవి ఇంటర్నెట్ నుంచి కాక పెన్‌డ్రైవ్ నుంచి వస్తుంటాయి. నాన్నగారితో వెళ్ళినప్పుడు, ఇంటర్నెట్ కలిపి, ఏదైనా సిరీస్‌లో సముద్రమో వానో ఉన్న సన్నివేశం పెట్టమని మర్యాదగా అడగండి. తరువాత చీకటి సన్నివేశం ఒకటి. పది అడుగుల దూరంలో నిలబడి చూడండి.

ఇంట్లో టీవీ ఉన్నవారు ఈ రాత్రే ఇంకో పరీక్ష చెయ్యవచ్చు. గదిలో దీపాలన్నీ ఆర్పి, సిరీస్ చివర పేర్లు వచ్చే నల్లని తెర దగ్గర ఆపండి. అయిదు నిమిషాలు కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వండి. అక్షరాలను చేత్తో మూసి, తెర అంచు ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలయిందో తెలుస్తోందేమో చూడండి. తెలిసినదీ లేనిదీ, మీ తెర ఏ రకానిదో, ఎన్ని అంగుళాలో, గీతల కాగితం మీకు ఎన్ని మీటర్ల దగ్గర బూడిదరంగయిందో ఒక ఉత్తరం మీద రాసి పంపండి.